వ్యూవర్ట్ నేలమాళిగ: చలికాలపు గాలి మీద ఒక కేస్ స్టడీ

ఈ కేసు నాకు ఎవరూ అప్పగించలేదు. మ్యూజియం వస్తువుల సంరక్షణ నా వృత్తి. తాళపత్రాలు, అద్దకపు బట్టలు, కొయ్యబొమ్మలు నా చేతుల మీదుగా పోతుంటాయి. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న ఫ్రీస్లాండ్ రాష్ట్రానికి వెళ్ళింది కూడా బట్టల కోసమే. మన కోరమండల్ తీరపు రేవుల నుంచి డచ్చి ఓడలు మోసుకెళ్ళిన కలంకారీ బట్టలు కొన్ని ఆ రాష్ట్ర రాజధాని లేవార్డెన్‌లోని ఫ్రీస్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి దగ్గరలోని హిండెలోపెన్ అనే రేవు ఊళ్ళో ఆడవాళ్ళు వాటితో పొడవాటి కోట్లు కుట్టించుకుని తరాల తరబడి తొడుక్కున్నారు. ఆ పని ముగిశాక ఒక రోజు మిగిలింది. స్టావరెన్ వైపు వెళ్ళే చిన్న రైలెక్కి, మాంట్గుమ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి పచ్చిక పొలాల మధ్య వ్యూవర్ట్ దారి పట్టాను.

రెండు వందల పైచిలుకు జనం ఉండే ఊరు అది. సెయింట్ నికొలస్ పేరు మీద ఒక పాత చర్చి, దాని కింద ఒక నేలమాళిగ, అందులో ఏ మందూ మసాలా పూయకుండానే ఎండిపోయిన నాలుగు మానవ దేహాలు. 1765లో బయటపడినప్పుడు అవి పదకొండు. అవి ఎందుకు కుళ్ళలేదన్నది ఊరికి వచ్చే ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న. ఆ నాలుగింటినీ ఇకముందు ఎలా కాపాడాలన్నది నా వృత్తి వేసే ప్రశ్న. మొదటిదానికి జవాబు వెతక్కుండా రెండోదాని జోలికి వెళ్ళకూడదని నేను ఎక్కడో చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. ఆ సంగతి తరవాత చెబుతాను. ఇందులోని అంకెలన్నీ గాలి, ఆవిరి లెక్కలు. పాఠ్యపుస్తకం వెనక ఉండే పట్టికతో ఎవరైనా సరిచూసుకోవచ్చు.

దిబ్బ

ముందు ఊరి కింది నేల గురించి. ఫ్రీస్లాండ్‌లో ఊరి పేరు చివర ‘వర్ట్’, ‘వెర్ట్’ అని వినిపిస్తే అది దిబ్బ మీద కట్టిన ఊరని అర్థం. సముద్రానికి కట్టలు లేని రోజుల్లో పోటు వచ్చినప్పుడల్లా నేల మునిగేది. అందుకని అక్కడి జనం బంకమట్టి, పశువుల పేడ, ఇంటి చెత్త పొరలు పొరలుగా పోసుకుంటూ దిబ్బలు లేపి, వాటి మీద కాపురం ఉన్నారు. క్రీస్తుకు పూర్వం మొదలైన పని ఇది. ఆ రాష్ట్రంలో అన్నిటికంటే ఎత్తైన దిబ్బ హెహెబెయింటుమ్ ఊరిది, దాదాపు తొమ్మిది మీటర్లు. క్రైస్తవం వచ్చాక చర్చిని దిబ్బ నెత్తిన కట్టారు. వరదొస్తే దేవుడి ఇల్లు, చచ్చినవాళ్ళ సమాధులు ఆఖరున మునగాలి కదా.

మన పల్లెల్లో పాటిదిబ్బ అంటారే, సరిగ్గా అదే. మన రైతులు పాటిమన్ను బండ్లకెత్తి పొలాలకు తోలినట్టే, 19వ శతాబ్దంలో ఫ్రీస్లాండ్ రైతులు దిబ్బలను తవ్వి ఆ మట్టిని ఎరువుగా అమ్మారు. పడవల మీద బయటి ప్రాంతాలకు పంపారు. ఎన్నో దిబ్బలు సగానికి సగం తరిగిపోయాయి. 1866లో వ్యూవర్ట్ దిబ్బను అలా తవ్వుతుంటే 7వ శతాబ్దం తొలి భాగంలో పాతిపెట్టిన బంగారం దొరికింది, నాణేలు, నగలు కలిపి. అది ఇప్పుడు లైడెన్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. మన దగ్గర పాటిమన్నుతో పాటు పొలాల్లో చల్లుకుపోయిన చరిత్ర ఎంతో లెక్క కట్టినవారు లేరు.

నా కేసుకు దిబ్బతో పని ఏమిటంటే, నీరు. ఫ్రీస్లాండ్ పల్లపు భూమి. గజం తవ్వకముందే నీళ్ళు ఊరతాయి. అక్కడ నేలమాళిగ కట్టడమంటే మామూలుగా చిన్న బావి కట్టుకోవడమే. వ్యూవర్ట్ చర్చి దిబ్బ మీద ఉంది కాబట్టి మాళిగ అడుగు కూడా చుట్టుపక్కల పొలాల నీటిమట్టానికి పైన నిలుస్తుంది. ఎండిపోవడానికి మొదటి షరతు కింది నుంచి తేమ ఎక్కకపోవడం. ఆ షరతును తీర్చింది రెండు వేల ఏళ్ళ నాటి పేడ, మట్టి.

చర్చి, కోట, కోటలోని జనం

16వ శతాబ్దం చివర ఫ్రీస్లాండ్ ప్రొటెస్టెంట్ ఏలుబడిలోకి వచ్చాక సెయింట్ నికొలస్ పేరు గోడకు మిగిలింది గానీ పూజలు పోయాయి. చర్చి కాల్విన్ బోధను పాటించే ప్రొటెస్టెంట్ సంఘానిదైంది. మారనిది ఒకటి ఉంది. డబ్బున్నవాళ్ళు చర్చి లోపలే ఖననం కావాలనుకునేవారు. నేల బండలు ఎత్తి పూడ్చడం, మళ్ళీ వేయడం, ఆదివారం ఆ వాసనలోనే ప్రసంగం వినడం మామూలే. డచ్చిలో కుబేరుణ్ణి ‘కంపు కొట్టే ధనవంతుడు’ అంటారు. ఆ మాట ఇక్కడే పుట్టిందని చెప్పుకుంటారు. భాషావేత్తలు ఒప్పుకోరు గానీ, కథ బాగుంది. చర్చి లోపల ఖననం అక్కడ పూర్తిగా ఆగింది 1829లో.

వ్యూవర్ట్‌లో ఊరి పెద్ద కుటుంబం వాల్టా వారిది. 17వ శతాబ్దం తొలినాళ్ళలో వారి కోసమే చర్చి గర్భాలయం కింద ఈ మాళిగ కట్టారు. ఊరి బయట వారికి ఒక కోట లాంటి ఇల్లు ఉండేది. తరవాత అది సొమెల్స్‌డైక్ అనే దొరల కుటుంబపు అక్కచెల్లెళ్ళ చేతికి వచ్చింది. వాళ్ళ వల్లే ఈ చిన్న ఊరు యూరప్ మత చరిత్రలోకి ఎక్కింది.

జాన్ ద లాబాడీ అనే ఫ్రెంచివాడు ఉండేవాడు. 1610లో పుట్టాడు. జెసూట్ అనే కాథలిక్ సన్యాసి సంఘంలో మొదలై, 1650లో కాల్విన్ మతంలోకి మారి, జెనీవాలో ప్రసంగాలు చేసి, 1666లో నెదర్లాండ్స్‌లోని మిడెల్‌బర్గ్‌కు పాస్టర్‌గా వచ్చాడు. చర్చి అంటే నిజంగా మారుమనసు పొందినవారే ఉండవలసిన చోటు, మిగతావారితో కలిసి ప్రభు భోజనం కూడా చేయకూడదు అన్నాడు. 1669లో సంఘం అతణ్ణి పదవి నుంచి దించేసింది. అనుచరులను వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్, హెర్ఫోర్డ్, ఆల్టోనా తిరిగి, 1674లో ఆల్టోనాలోనే చనిపోయాడు. మరుసటి ఏడు ఆ గుంపు వ్యూవర్ట్ కోటకు చేరింది. అక్కచెల్లెళ్ళు తమ ఇల్లే ఇచ్చేశారు.

తరవాతి పదిహేనేళ్ళు అక్కడ వందల మంది కలిసి బతికారు. ఆస్తి అందరిదీ. ఒకే వంటశాల, నేత, ముద్రణ, వైద్యం. హెండ్రిక్ ఫాన్ డెవెంటర్ అనే వైద్యుడు అక్కడే పని నేర్చి, మాత్రలు తయారుచేసి, తరవాతి కాలంలో ప్రసూతి శాస్త్రంలో పెద్ద పేరు సంపాదించాడు. అన్నా మరియా ఫాన్ స్ఖూర్మన్ అక్కడే ఉండేది. 1636లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో తెర చాటున కూర్చుని పాఠాలు విన్న మనిషి ఆమె. ఆ దేశంలో విశ్వవిద్యాలయం మెట్లెక్కిన తొలి మహిళ. పదిహేను దాకా భాషలు వచ్చినా, పాండిత్యమంతా పక్కన పెట్టి లాబాడీ వెంట నడిచింది. 1678 మేలో వ్యూవర్ట్‌లోనే కన్నుమూసింది. అంతకు ముందు ఏడు విలియం పెన్, తరవాత అమెరికాలో పెన్సిల్వేనియా స్థాపించినవాడు, వచ్చి చూసి వెళ్ళాడు. 1684లో తత్త్వవేత్త జాన్ లాక్ వచ్చాడు. 1685లో పురుగుల చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్ తల్లితో, ఇద్దరు కూతుళ్ళతో వచ్చి, వెంటపడి వచ్చిన భర్తను వెనక్కి పంపేసి ఆరేళ్ళు ఉంది. సొమెల్స్‌డైక్ అక్కచెల్లెళ్ళ సోదరుడు దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సూరినామ్‌కు గవర్నర్. అక్కడి నుంచి కోటకు చేరిన ఉష్ణమండలపు సీతాకోకచిలుకలను ఆమె ఇక్కడే చూసింది. 1699లో ఓడెక్కి సూరినామ్ వెళ్ళడానికి విత్తనం ఈ ఊళ్ళో పడింది.

ఊరి చర్చికీ వీళ్ళకూ పొసగలేదు. ఊరి చర్చి అందరిదీ, కోటలోది ఏరినవారిదీ. ఉమ్మడి ఆస్తి 1690ల నాటికి విడిపోయింది. 1730ల కల్లా గుంపే లేదు. ఇప్పుడు కోటా లేదు. ఏరిన పరిశుద్ధుల ఇల్లు నేలమట్టమై, అందరినీ రానిచ్చిన చర్చి నిలబడింది. నేను మతాల మీద తీర్పు చెప్పడం లేదు. కప్పు మరమ్మతుకు ఏటా చందా ఇచ్చేవారు ఎంతమంది అన్నదే కట్టడాల ఆయుష్షు. పక్కనే ఉన్న జోర్వర్ట్ ఊరి చర్చి గోపురం 1951లో కూలిపోతే, దాన్ని తిరిగి కట్టుకోవడానికి ఊరివాళ్ళు ఆరుబయట నాటకాలు ఆడి డబ్బు పోగేశారు. ఆ నాటకాలు ఇప్పటికీ ఏటా జరుగుతాయి.

1765

చర్చిలో పనికి వచ్చిన వడ్రంగులు మాళిగ తెరిచారు. పేటికల్లో పదకొండు దేహాలు, చర్మం ఎముకకు అంటుకుని, తోలులా. కోట గుంపు కనుమరుగై అప్పటికి మూడు దశాబ్దాలే. కాబట్టి ఇవి లాబాడీ శిష్యులవేనన్న మాట ఊళ్ళో పుట్టడం సహజం. భక్తి వల్ల ఎండారన్నారు, నేల లోంచి వచ్చే వాయువుల వల్లన్నారు, మాళిగలో ఆడే గాలి వల్లన్నారు. గుణం ఇంకా ఉందో లేదో చూద్దామని ఎవరో చచ్చిన పక్షులను పైకప్పుకు వేలాడదీశారు. అవీ ఎండిపోయాయి. ఇప్పటికీ వేలాడుతున్నాయి.

పదకొండు నాలుగెలా అయ్యాయి? కుళ్ళి కాదు. చేతులు మారి పోయాయి. ఫ్రానెకర్ విశ్వవిద్యాలయం అక్కడికి దగ్గరే. విద్యార్థులు ఎత్తుకెళ్ళారని చెప్పుకుంటారు. ఎవరు తీసుకుపోయినా, గాలి కాపాడిన ఏడుగురిని మనుషులు పోగొట్టారన్నది మాత్రం ఖాయం. ఏ సంరక్షణ నివేదికలోనైనా నేను ముందు రాసే ముప్పు అదే: తలుపు తాళం. బూజు దాని తరవాత.

దొరికిన పదకొండింటిని చూసి ‘ఈ మాళిగలో పెడితే ఎవరైనా ఎండుతారు’ అనుకోవడంలో ఒక పొరపాటు ఉంది. కుళ్ళిన దేహాలు మనకు కనిపించవు. ఎముకలు పోగేసి ఒక మూల పెడతారు, చోటు ఖాళీ చేస్తారు. ఎండినవే నిలబడి కథలు చెబుతాయి. తాళపత్రాల విషయంలోనూ ఇంతే. ‘మా తాతల ఇంటి అటక మీద మూడు వందల ఏళ్ళు చెక్కుచెదరలేదండీ’ అంటారు. అదే అటక మీద పొడి అయిపోయిన కట్టల మాట ఎవరూ చెప్పరు. అందుచేత నేను అడిగే ప్రశ్న మారింది. ఈ మాళిగ ఎప్పుడు ఎండబెడుతుంది, ఎప్పుడు ఎండబెట్టదు?

లెక్క

దేహంలో బరువు లెక్కన సగానికి పైగా నీరే. సూక్ష్మజీవులు పని ముగించేలోపు ఆ నీరు పోవాలి. అది ఒక పరుగు పందెం. చలి సూక్ష్మజీవుల కాళ్ళు కట్టేస్తుంది, పొడి గాలి నీటిని లాగేస్తుంది. రెండూ ఒకేసారి దొరకాలి. ఫ్రీస్లాండ్ సముద్రం పక్క రాష్ట్రం, ఏడాది పొడవునా చెమ్మే. అక్కడ పొడి గాలి ఎక్కడిది?

చలికాలంలో బయట 2 డిగ్రీలు, తేమ 90 శాతం అనుకుందాం. ఫ్రీస్లాండ్‌లో జనవరి నెల మామూలు రోజు. ఊపిరి వదిలితే పొగ వస్తుంది, గాలి చెమ్మగా అనిపిస్తుంది. కానీ చల్లటి గాలికి నీటిని మోసే బలం తక్కువ. ఒక ఘనమీటరులో ఉన్న ఆవిరి 5 గ్రాములే. ఈ గాలి గోడల కంతల్లోంచి మాళిగలోకి దిగింది. దిబ్బ లోపలి నేల వేసవి వేడిని కొంత దాచుకుంటుంది కాబట్టి లోపల 8 డిగ్రీలు ఉందనుకుందాం. ఆ వేడిలో గాలి 8 గ్రాముల పైచిలుకు మోయగలదు. అంటే తేమ శాతం 60కి పడిపోయింది. బూజు పట్టడానికి 70 దాటాలి. బయట చిత్తడిగా ఉన్న గాలి గుమ్మం దిగగానే పొడి గాలి అయిపోయింది, ఎవరూ ఏమీ చేయకుండా. అది రోజంతా, నెలల తరబడి నెమ్మదిగా ఆడితే చెక్క పేటికలోని దేహం ఎండుతుంది. వాయువులూ భక్తీ లేకుండానే లెక్క సరిపోతోంది.

ఇప్పుడు జులై చూడండి. బయట 20 డిగ్రీలు, తేమ 75 శాతం. హాయిగా ఉండే రోజు. కానీ ఘనమీటరుకు 13 గ్రాముల ఆవిరి. అదే గాలి 14 డిగ్రీలున్న మాళిగ గోడను తాకితే అక్కడ గాలి మోయగలిగేది 12 గ్రాములే. మిగిలినది గోడ మీద, చెక్క మీద, చర్మం మీద చెమట పడుతుంది. అదే కంత, అదే గాలి, ఫలితం తలకిందులు.

ఈ లెక్క నిజమైతే, ఆ మాళిగలో ఎండినవారు చలికాలంలో చనిపోయినవారై ఉండాలి. పేటికలు, చర్చి రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం ఉన్న చోట ఇలాంటి అనుమానాలు తీరతాయి. హంగరీలోని వాట్స్ పట్టణంలో 1994లో డొమినికన్ చర్చి మాళిగ గోడ పగలగొడితే 265 దేహాలు దొరికాయి. పేటికల మీద పేర్లున్నాయి, రిజిస్టర్లున్నాయి. ఆ దేహాల నుంచి క్షయ క్రిమి జన్యువులను కూడా చదివారు. అక్కడ మాళిగ చరిత్రకారులకు గ్రంథాలయమైంది. వ్యూవర్ట్‌లో పేటిక ఎవరిదన్నది కథ చెబుతుంది, కాగితం కాదు.

ఫ్యాను పెట్టించింది నేనే

కోస్తాలో ఒక మ్యూజియం. పేరు అక్కర్లేదు. తాళపత్రాల గదికి పగలు ఏసీ, రాత్రి బంద్. పొద్దున్నే గది తెరిస్తే ఉక్క వాసన వస్తోందని నన్ను పిలిచారు. అప్పటికి నేను ఈ వృత్తిలో కొత్త. గాలి ఆడక ఈ వాసన అని తేల్చి, గోడకు ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాను. అందరూ మెచ్చుకున్నారు. వాసన పోయింది కూడా.

ఆగస్టు వచ్చింది. బయట 30 డిగ్రీలు, తేమ 80 శాతం. ఘనమీటరుకు 24 గ్రాములు. గదిలో ఏసీ 24 డిగ్రీల మీద నడుస్తోంది. ఆ చల్లదనంలో గాలి మోయగలిగేది 22 గ్రాములలోపే. ఫ్యాను లోపలి గాలిని బయటికి తోసిన కొద్దీ, తలుపు సందుల్లోంచి ఆ 24 గ్రాముల గాలి లోపలికి వచ్చి చల్లటి చెక్క పలకల మీద చెమట పోసింది. నెల తిరిగేసరికి కట్టల అంచుల మీద తెల్లటి బూజు. నేను చేసింది జులై గాలిని వ్యూవర్ట్ మాళిగలోకి పిలవడమే. అప్పటికి వ్యూవర్ట్ పేరు కూడా వినలేదు.

గాలి ఆడాలి అన్నది మన పెద్దలు చెప్పే మాట, మంచి మాటే. ఏ గాలి, ఏ వేళ అన్నది వాళ్ళకు తెలుసు. తాళపత్రాలను ఎండపొడ తగిలే రోజుల్లో, వానలు వెలిశాక తీసి ఆరబెట్టేవారు. శ్రావణంలో ముట్టుకునేవారు కాదు. నేను మాటను తీసుకుని వేళను వదిలేశాను.

నన్ను అడిగితే

వ్యూవర్ట్ చర్చికి సందర్శకులు వచ్చేది వేసవిలో. అంటే మాళిగ తలుపు ఎక్కువగా తెరుచుకునేది సరిగ్గా తెరవకూడని నెలల్లో. మెట్లు దిగే మనిషి ఊరికే చూసి పోడు. గంటకు యాభై గ్రాములకు తగ్గని ఆవిరి, వంద వాట్ల బల్బు అంత వేడి వదిలిపోతాడు. ఇరవై మంది అరగంట నిలబడితే అర లీటరు నీళ్ళు గదిలో చల్లినట్టే. ఫ్రాన్సులో లాస్కో గుహ చిత్రాలను సందర్శకుల ఊపిరే పాడుచేస్తుంటే 1963లో మూసేశారు. వ్యూవర్ట్‌ను మూయమని నేను అనను. ఆ చర్చి నిలబడేది వచ్చిపోయే జనం వేసే చిల్లర వల్ల కూడా. వేసవి మధ్యాహ్నాల్లో గుంపులను చిన్నవి చేసి, గుంపుకీ గుంపుకీ మధ్య తలుపు వేసి ఉంచితే చాలు. చలికాలంలో కంతలు తెరిచి ఉంచాలి, వేసవిలో వాటికి గుడ్డ మూత పెట్టాలి. ఖర్చు లేని పనులు.

పేటికల మీది అద్దం గురించి నాకు రెండు మనసులు. ముట్టుకునే చేతుల నుంచి అది కాపాడుతుంది. ఏడు దేహాలు పోగొట్టుకున్న ఊరు చేతులకు భయపడటంలో తప్పు లేదు. కానీ అద్దం కింద గాలి ఆడదు, వీళ్ళను ఎండబెట్టింది ఆడే గాలి. అద్దం అంచుల్లో వేలు దూరనంత సందు వదలాలి. ఆధునిక ప్రదర్శన పెట్టె తెచ్చి సీలు వేసి, నత్రజని నింపి, దీపాలు పెట్టాలనే ఉత్సాహవంతులు ప్రతి దేశంలోనూ ఉంటారు. నేనూ ఒకప్పుడు వాళ్ళలో ఒకణ్ణే. అలాంటివారిని గుమ్మం దగ్గరే ఆపి, ముందు ఏడాది పాటు చదివిన తేమ లెక్క చూపించమని అడగాలి.

ఇంకొకటి, ఇవి వస్తువులు కావు. నోరు తెరిచి పడుకున్న ముఖం మీద వంగి ఫొటో తీసుకునే పిల్లలను చూసి, వాళ్ళ వెనక నవ్వే పెద్దలను చూసి నాకు మనసు కలుక్కుమంది. మా ఇంట్లో శవం ఉన్న గదిలో గొంతు తగ్గిస్తారు. అక్కడి చర్చి సంఘం కూడా ఇన్నేళ్ళుగా వాళ్ళను మాళిగలోనే ఉంచింది, మ్యూజియానికి పంపలేదు. వాళ్ళు ఖననమైన చోటే ఉన్నారు. ఆ నిర్ణయాన్ని నేను మార్చమనను.

ఇక పక్షులు. శుభ్రం పేరుతో వాటిని దింపేయాలని ఏ కమిటీ అయినా అనుకుంటే, నా ఓటు వద్దనే. ఆ మాళిగలో జరిగినట్టు నాకు తెలిసిన ఏకైక ప్రయోగం అది. కాకపోతే తేదీ రాయకుండా చేశారు. దాన్ని పూర్తి చేయడానికి పరికరాలు అక్కర్లేదు. సహజంగా చచ్చిన పిచ్చుకలు రెండు కావాలి. ఒకదాన్ని ఫిబ్రవరి మొదటి వారంలో, ఇంకోదాన్ని ఆగస్టు మొదటి వారంలో ఆ పాత వాటి పక్కనే వేలాడదీసి, ఆరు వారాల పాటు వారానికోసారి దింపి తూచి, బరువును, ఆనాటి బయటి వేడిని ఒక నోటు పుస్తకంలో రాయాలి. కంసాలి తక్కెడ ఒకటి చాలు.